వంటనూనె శుద్ధి ఎటు పోతోంది: తక్కువ పాడుచేస్తే తక్కువ బాగుచేయాలి

ఒక టన్ను సోయా నూనె ఫ్యాక్టరీలో ఎక్కడో మురుగునీటిలోనో, పారేసే మట్టిలోనో కలిసిపోయిందనుకోండి. చూడ్డానికి పోయింది ఒక్క టన్నే. కానీ సోయా పంట హెక్టారుకు ఇచ్చే నూనె సుమారు అర టన్ను మాత్రమే, కాబట్టి ఆ టన్ను వెనక రెండు హెక్టార్ల పొలం ఉంది, దానికి వేసిన ఎరువు ఉంది, తిరిగిన ట్రాక్టరు ఉంది, గింజను మోసుకొచ్చిన లారీలూ ఓడలూ ఉన్నాయి. అదే గింజ నుంచి నూనె తీయగా మిగిలే చెక్క పశువుల మేతకు కూడా వస్తుంది కదా, భారమంతా నూనె మీదే ఎందుకు వేస్తారని అడగొచ్చు. సరైన ప్రశ్నే. సగానికి తగ్గించి లెక్కేసినా ఒక హెక్టారు పోయినట్టే. ప్రపంచం ఏటా తీసే మొక్కల నూనెలు 20 కోట్ల టన్నులు దాటాయి, అందులో ఒక్క శాతం దారిలో పోయినా అది 20 లక్షల టన్నులు.

ఈ లెక్కతో ఎందుకు మొదలుపెట్టానంటే, నూనెల భవిష్యత్తు అనగానే మాటలన్నీ కొత్త వస్తువుల మీదకి పోతాయి: నాచు నుంచి నూనె, ఈస్ట్ నుంచి కొవ్వు, గాలిలోని కార్బన్ డయాక్సైడు నుంచి వెన్న. వాటి గురించీ చెబుతాను. కానీ దగ్గర్లో అసలు తేడా తెచ్చేవి అవి కాదని నా గట్టి అభిప్రాయం. ఇప్పుడున్న ఫ్యాక్టరీల్లోనే నూనెను తక్కువ పోగొట్టడం, తక్కువ కాచడం, తక్కువ పాడుచేయడం, తేడా తెచ్చేది ఇదే. చెప్పినంత సులువు కాదు, ఎందుకంటే ఒక దశలో మేలు చేసిన మార్పు తర్వాతి దశలో కీడు చేస్తుంది. ఈ రంగంలో ఉన్న చిక్కంతా అక్కడే ఉంది.

ముందు దారి ఒకసారి చూద్దాం. గింజను శుభ్రం చేసి, కాస్త వేడి చేసి, పలుచని రేకులుగా నొక్కుతారు. నూనె బాగా ఉన్న గింజలైతే ముందు ప్రెస్‌లో పిండి, మిగిలినదాన్ని సాల్వెంట్‌తో, అంటే నూనెను కరిగించుకునే ద్రవంతో లాగుతారు. సోయా లాంటి తక్కువ నూనె గింజల్ని నేరుగా సాల్వెంట్‌కే పంపుతారు. వచ్చిన ముడి నూనెలో జిగురు ఉంటుంది, విడిపోయిన కొవ్వు ఆమ్లాలు ఉంటాయి, రంగు, వాసన, ఇనుము లాంటి లోహాల జాడలు ఉంటాయి. జిగురు తీయాలి, ఆమ్లం తీయాలి, రంగు తీయాలి, చివరికి వాసన తీయాలి. రిఫైనింగ్ అని మనం అనేది ఈ నాలుగు పనులే. ఘన కొవ్వు కావాలంటే ఇంకో మెట్టు ఎక్కాలి.

సాల్వెంట్ మారుస్తారా?

సాల్వెంట్ అంటే ఇప్పటికీ దాదాపు అన్నిచోట్లా హెక్సేనే, పెట్రోలియం నుంచి వచ్చే ద్రవం. దాన్ని అంతగా పట్టుకుని వేలాడ్డానికి కారణాలున్నాయి. నూనెను చక్కగా కరిగించుకుంటుంది, నీటితో కలవదు, 65 నుంచి 69 డిగ్రీల మధ్య మరిగిపోతుంది, కిలో నీటిని ఆవిరి చేయడానికి పట్టే వేడిలో దాదాపు ఏడో వంతు వేడితో కిలో హెక్సేన్ ఆవిరైపోతుంది. అంటే నూనె నుంచి విడదీసి మళ్లీ వాడుకోవడం చవక. సోయా గింజలో నూనె 18 నుంచి 20 శాతం, ప్రెస్ ఒక్కదానితోనే తీస్తే చెక్కలో 5 నుంచి 7 శాతం నూనె మిగిలిపోతుంది, హెక్సేన్‌తో కడిగితే ఒక శాతం లోపుకు దిగుతుంది.

ఇక్కడే ఒక మాట. కోల్డ్ ప్రెస్ నూనె రుచికీ సువాసనకీ మంచిదే, రసాయనాలు లేవు, వాడుకునేవాళ్లు హాయిగా వాడుకోవచ్చు. కానీ దానంతట అదే భూమికి మేలు చేస్తుందనుకోవడం సరికాదు. చెక్కలో ఉండిపోయిన నూనె పశువుల మేతలో శక్తిగా పనికొస్తుంది, నిజమే, అయినా మనిషి తినే నూనె కోసం అంతే నూనె ఇంకో పొలం నుంచి తేవాల్సి వస్తుంది. పొలం లెక్క లేకుండా ప్రాసెసింగ్ మంచిచెడ్డలు తేల్చలేం.

హెక్సేన్‌తో సమస్య సీసాలో మిగిలే జాడ గురించి కన్నా ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ల గురించీ, గాలి గురించీ ఎక్కువ. ఎన్-హెక్సేన్ ఆవిరిని చాలాకాలం పీలిస్తే చేతులు కాళ్ల నరాలు దెబ్బతింటాయి, అది వైద్యులకు బాగా తెలిసిన వృత్తి జబ్బు. గాలిలోకి పోయిన ఆవిరి నేలకు దగ్గరగా ఓజోన్ పుట్టడానికి తోడ్పడుతుంది. నిప్పు భయం సరేసరి. బాగా నడిపే ప్లాంటులో టన్ను గింజలకు పోయే హెక్సేన్ కిలో లోపే, సరిగా చూసుకోని పాత ప్లాంటుల్లో అంతకు ఎన్నో రెట్లు. యూరప్‌లో నూనెలో మిగలగలిగే హెక్సేన్‌కు కిలోకు 1 మిల్లీగ్రాము పరిమితి ఉంది. అక్కడి ఆహార భద్రతా సంస్థ 2024లో హెక్సేన్ భద్రతను మళ్లీ మదింపు చేయాల్సిన అవసరం ఉందని తేల్చింది, దాంతో ప్రత్యామ్నాయాల మీద ఆసక్తి ఇంకా పెరిగింది.

ముందు వరసలో ఉన్నది 2-మిథైల్ ఆక్సోలేన్. చెరకు పిప్పి, మొక్కజొన్న కండెల్లాంటి వాటి నుంచి వచ్చే ఫర్‌ఫ్యూరాల్ అనే రసాయనంతో ఈ సాల్వెంట్‌ను తయారు చేస్తారు. యూరప్ 2023లో ఆహార పదార్థాల సాల్వెంట్ల జాబితాలో చేర్చింది. 80 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఆవిరి చేయడానికి పట్టే వేడి హెక్సేన్‌కు దగ్గరగానే ఉంటుంది కాబట్టి పాత యంత్రాలను పూర్తిగా పడగొట్టక్కర్లేదు. ఇబ్బంది ఏంటంటే ఇది కొంత నీటిని తనలో కలుపుకుంటుంది, ఆ నీటిని విడదీయడానికి అదనపు పరికరాలూ, అదనపు వేడీ కావాలి. పైగా గాలి తగిలితే పేలే స్వభావమున్న పెరాక్సైడ్లు పుడతాయి కాబట్టి నిలవ విషయంలో జాగ్రత్త అవసరం. ఇదీ మండే ద్రవమే, ఆ భయం పోదు.

నాకు ఇంకా ఆసక్తిగా అనిపించేది ఇథనాల్ దారి. వేడిగా ఉన్నప్పుడు ఇథనాల్ నూనెను కరిగించుకుంటుంది, చల్లబరిస్తే చాలావరకు నూనె దానంతటదే విడిపోతుంది. అంటే సాల్వెంట్ మొత్తాన్ని ఆవిరి చేసి నూనెను వేరు చేయాల్సిన అగత్యం లేదు, హెక్సేన్ ప్లాంటులో ఎక్కువ ఆవిరి ఖర్చు పడేది అక్కడే. కాకపోతే చెక్కను అంటుకున్న ఇథనాల్‌ను మాత్రం ఆవిరి చేసే తీయాలి, దానికి హెక్సేన్ కన్నా రెండు రెట్లకు పైగా వేడి పడుతుంది. గింజలోని చక్కెరల్నీ కొంత లాక్కొస్తుంది, వాటిని మళ్లీ వేరు చేయాలి. ఒకచోట మిగిల్చిన వేడి ఇంకోచోట ఖర్చవుతుందన్నమాట. సూపర్‌క్రిటికల్ కార్బన్ డయాక్సైడు గురించి చాలా వింటుంటాం, 31 డిగ్రీలు, 74 బార్ దాటితే అది ద్రవంలా కరిగించుకుంటుంది, వాయువులా చొచ్చుకుపోతుంది. కాఫీలో కెఫీన్ తీయడానికి బ్రహ్మాండంగా పనికొచ్చింది. కానీ నూనె గింజలకు 300 బార్, అంతకుమించి ఒత్తిడి కావాలి, అలాంటి పాత్రల్లోకి రోజుకు వేల టన్నుల గింజల్ని ఆగకుండా ఎక్కించడం ఆచరణలో కుదరట్లేదు. విలువైన, కొద్ది మొత్తంలో తీసే నూనెలకే అది పరిమితమని నా అంచనా. నీళ్లు, ఎంజైములు వాడి నూనె తీసే పద్ధతి వినడానికి అన్నిటికన్నా శుభ్రమైనది, కానీ నూనె, నీళ్లు, ప్రొటీన్ కలిసి విడదీయరాని పాల లాంటి ఎమల్షన్‌గా మారిపోతాయి, దాన్ని విరగ్గొట్టడానికే సగం శ్రమ పోతుంది.

సాల్వెంట్ ఏదైనా దాన్ని ఆవిరి చేయకుండా పొర గుండా వడకట్టి వేరు చేయగలిగితే? నూనె అణువు పెద్దది, సాల్వెంట్ అణువు చిన్నది, సూత్రం సరిగ్గానే ఉంది. 1998 నుంచి అమెరికాలోని బోమాంట్ రిఫైనరీలో లూబ్రికెంట్ నూనెల నుంచి సాల్వెంట్‌ను పెద్ద ఎత్తున ఇలా వడకట్టి చూపించారు. వంటనూనెల దగ్గరికొచ్చేసరికి జిగురు పొరను మూసేస్తుంది, సాల్వెంట్ పొరను ఉబ్బిస్తుంది. ఏళ్ల తరబడి నిలిచే చవకైన పొర దొరికిన రోజున ఈ రంగం రూపమే మారిపోతుంది.

జిగురుతో పాటు పోయే నూనె

ముడి సోయా నూనెలో 2 నుంచి 3 శాతం దాకా ఫాస్ఫోలిపిడ్లు ఉంటాయి, జిగురు అంటే ఇవే. కొన్ని నీళ్లు కలిపితే విడిపోతాయి, ఆహార పదార్థాల్లో వాడే లెసిథిన్ వాటి నుంచే వస్తుంది. కాల్షియం, మెగ్నీషియంతో ముడిపడినవి నీటికి లొంగవు, వాటికి ఆమ్లం కావాలి. బాధాకరమైన విషయం ఏంటంటే, ఈ జిగురు ఒంటరిగా పోదు, మంచి నూనెను కూడా తనతో పట్టుకుపోతుంది. తర్వాత కాస్టిక్ సోడాతో కొవ్వు ఆమ్లాన్ని సబ్బుగా మార్చి తీసినప్పుడు ఆ సబ్బు కూడా అంతే. ఆ సబ్బును మళ్లీ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో విరిస్తే సల్ఫేట్ నిండిన మురుగునీరు మిగులుతుంది, దాన్ని శుభ్రం చేయడం ఇంకో ఖర్చు.

ఇక్కడ ఎంజైములు నిజంగా గొప్ప మార్పు తెచ్చాయి. 1990ల మొదట్లోనే జర్మనీలో జిగురును కత్తిరించే ఫాస్ఫోలిపేజ్ ఎంజైముతో జిగురు తీసే పద్ధతి ఫ్యాక్టరీ స్థాయికి వచ్చింది. అప్పట్లో ఎంజైమును పంది క్లోమం నుంచి తీసేవారు, ఖరీదు ఎక్కువ, చాలామందికి మతపరంగా ఒప్పుకోలేనిది, దొరికేదీ తక్కువే. సూక్ష్మజీవులతో ఎంజైములు తయారు చేయడం మొదలయ్యాక అడ్డంకి తొలగిపోయింది. ఇప్పుడు రెండు రకాలు వాడుకలో ఉన్నాయి. ఎ రకం జిగురు అణువు నుంచి ఒక కొవ్వు ఆమ్లాన్ని కత్తిరిస్తుంది, దాంతో జిగురుకు నూనెను పట్టుకునే శక్తి తగ్గుతుంది. సి రకం ఇంకా తెలివైన చోట కోస్తుంది: ఫాస్ఫేటు ఉన్న తలను తీసేసి మిగిలిన భాగాన్ని డైగ్లిజరైడుగా, అంటే మూడుకు బదులు రెండే కొవ్వు ఆమ్లాలున్న నూనె అణువుగా, నూనెలోనే వదిలేస్తుంది. పారేయాల్సిన జిగురు కొంత నూనెగా మారిపోయినట్టే. సోయాలో దీనివల్ల దిగుబడి ఒక శాతం, ఇంకా కొంచెం పైగా పెరుగుతుంది. మొదట్లో చెప్పిన లెక్కలో ఒక్క శాతం విలువెంతో గుర్తుంచుకుంటే, కొత్త పొలం దున్నకుండా దొరికిన నూనె ఇది.

కానీ ఆ డైగ్లిజరైడు అనే మాటను మనసులో పెట్టుకోండి, వాసన తీసే దశలో మళ్లీ ఎదురవుతుంది.

ఆమ్లం, కాస్టిక్ మోతాదులు తగ్గించడానికి ఇంకో సాధనం హైడ్రోడైనమిక్ కావిటేషన్. నూనెను అధిక ఒత్తిడితో సన్నని దారిలోంచి పంపితే సూక్ష్మ బుడగలు పుట్టి పగిలిపోతాయి, ఆ తాకిడికి కొద్దిపాటి రసాయనం కూడా నూనె అంతటా కలిసిపోతుంది. పెద్ద రసాయన శాస్త్రం ఏమీ లేదు, బాగా కలపడమే. పాత ప్లాంటుకు తగిలించొచ్చు కాబట్టి ఇలాంటివే త్వరగా వ్యాపిస్తాయి.

రంగు తీయడం గురించి తక్కువే చెబుతాను. ఆమ్లంతో చురుకుగా మార్చిన బెంటొనైట్ మట్టి కలిపి వడకడతారు, రంగుతో పాటు సబ్బు జాడలూ లోహాలూ దానికి అంటుకుపోతాయి. వాడేసిన మట్టి బరువులో 20 నుంచి 30 శాతం నూనే ఉంటుంది, కుప్పపోస్తే గాలి తగిలి దానంతటదే వేడెక్కి అంటుకోగలదు. చాలాచోట్ల గుంటల్లో పూడ్చేస్తున్నారు. సిమెంటు బట్టీలకూ, బయోగ్యాస్ ప్లాంట్లకూ పంపడం మేలు, ముందే సిలికా వాడి సబ్బు, జిగురు జాడలు తీసేసి మట్టి మోతాదు తగ్గించడం ఇంకా మేలు. వచ్చే నూనె నాణ్యతను సెన్సర్‌తో అప్పటికప్పుడు చూసి మోతాదు మార్చగలిగితే, ఎప్పుడూ కొంచెం ఎక్కువే వేద్దాం అనే అలవాటు పోతుంది.

వాసన తీసే గది: అన్ని ముడులూ ఇక్కడే

చివరి దశలో నూనెను 230 నుంచి 260 డిగ్రీల దాకా వేడి చేసి, 2 నుంచి 4 మిల్లీబార్ వాక్యూమ్‌లో, కింద నుంచి నీటి ఆవిరి పంపుతారు. వాసన ఇచ్చే పదార్థాలు ఆవిరితో లేచిపోతాయి. కొవ్వు ఆమ్లాల్ని కూడా ఇదే గదిలో ఆవిరి చేసి తీసేస్తే కాస్టిక్ సోడా అక్కర్లేదు, సబ్బు లేదు, ఆ మురుగునీరూ లేదు. దీన్ని ఫిజికల్ రిఫైనింగ్ అంటారు. పామాయిల్ దాదాపు అంతా ఇలాగే శుద్ధి అవుతుంది. పర్యావరణం కోణంలో చూస్తే అందరూ మెచ్చుకున్న పద్ధతి ఇది, నూనె నష్టం తక్కువ, రసాయనాలు తక్కువ.

తర్వాత తెలిసింది: ఆ వేడిలో గ్లిసిడైల్ ఎస్టర్లు, 3-ఎంసీపీడీ ఎస్టర్లు అనే రెండు హానికర పదార్థాలు పుడుతున్నాయని. గ్లిసిడైల్ ఎస్టర్లు జీర్ణమైనప్పుడు విడుదలయ్యే గ్లిసిడాల్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించే పదార్థాల వర్గంలో పెట్టింది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2016లో రెండింటి మీదా నివేదిక ఇచ్చింది. 2018లో గ్లిసిడైల్ ఎస్టర్లకు కిలోకు 1000 మైక్రోగ్రాముల పరిమితి వచ్చింది, 2021 నుంచి 3-ఎంసీపీడీకీ నూనె రకాన్ని బట్టి 1250 లేదా 2500 మైక్రోగ్రాముల పరిమితి వచ్చింది, శిశువుల ఆహారానికి ఇంకా కఠినమైన అంకెలు.

రెండూ జంటగా వినబడతాయి కానీ వాటి పుట్టుక వేరు, చాలామంది గజిబిజి పడేది ఇక్కడే. గ్లిసిడైల్ ఎస్టర్ ప్రధానంగా డైగ్లిజరైడ్ల నుంచి వస్తుంది, 230 డిగ్రీలు దాటాక జోరుగా పెరుగుతుంది. కాబట్టి వేడి తగ్గిస్తే అది తగ్గుతుంది. 3-ఎంసీపీడీ అలా కాదు, దానికి క్లోరిన్ కావాలి, క్లోరిన్ ఉంటే అంతకన్నా చాలా తక్కువ వేడిలోనే పుట్టేస్తుంది, ఆ తర్వాత వేడి తగ్గించి లాభం లేదు. ఆ క్లోరిన్ నేల నుంచీ, ఎరువుల నుంచీ, మిల్లులో వాడే నీటి నుంచీ వస్తుంది. అంటే రిఫైనరీ చివరి గదిలో తేలిన సమస్యకు విరుగుడు మొదటి మిల్లులో ముడి నూనెను నీళ్లతో కడగడంలో ఉంది. కడిగితే మురుగునీరు పెరుగుతుంది. కాస్టిక్‌తో ఆమ్లం తీసేస్తే ఇది కొంత అదుపులోకి వస్తుంది, కానీ అప్పుడు వదిలించుకున్న సబ్బూ నూనె నష్టమూ తిరిగొస్తాయి.

ఇంకో ముడి ఉంది. వేడి తగ్గించామనుకోండి, గ్లిసిడైల్ ఎస్టర్లు తగ్గాయి, ఆవిరి ఖర్చూ తగ్గింది, విటమిన్ ఇ ఎక్కువగా మిగిలింది, ట్రాన్స్ కొవ్వులు తక్కువ పుట్టాయి. అంతా బాగుంది. కానీ కోత యంత్రాల నుంచీ, రవాణా నుంచీ, ప్యాకింగ్ నుంచీ చేరే మినరల్ ఆయిల్ జాడల్లో తేలికైనవాటిని తీసేసేది ఆ అధిక వేడే. పొగ తగిలిన గింజల నుంచి వచ్చే కొన్ని కాలుష్యాలూ అంతే. వేడి తగ్గిస్తే అవి నూనెలో ఉండిపోతాయి. ఇందాక మనసులో పెట్టుకోమన్న సి రకం ఎంజైము సంగతి కూడా ఇప్పుడు అర్థమవుతుంది: అది పెంచిన డైగ్లిజరైడ్లే అధిక వేడిలో గ్లిసిడైల్ ఎస్టర్లకు ముడిసరుకు. కాబట్టి ఆ ఎంజైము వాడే ప్లాంటు వాసన తీసే దశలో వేడిని అదుపులో ఉంచుకోవాల్సిందే.

అందుకే వాసన తీసే కొత్త యంత్రాలు (డియోడరైజర్లు) రెండు వేడిమిల పద్ధతిలో వస్తున్నాయి. తక్కువ వేడిలో ఎక్కువసేపు ఉంచి వాసన తీస్తారు, తర్వాత పలుచని పొరగా జారే కాలమ్‌లో కొద్ది నిమిషాలు మాత్రమే ఎక్కువ వేడి చూపించి ఆమ్లాన్ని లేపేస్తారు. వాక్యూమ్ ఎంత లోతుగా ఉంటే అంత తక్కువ వేడి సరిపోతుంది. ఆ వాక్యూమ్ కోసం చాలా ప్లాంటుల్లో ఇప్పటికీ ఆవిరి జోరుతో గాలిని లాగేసే ఎజెక్టర్లే, నూనెలోకి పంపే ఆవిరి కన్నా వాక్యూమ్ నిలబెట్టడానికి అయ్యే ఆవిరే ఎక్కువ. దానికి బదులు లేచిన ఆవిరిని సున్నాకు 30 డిగ్రీల దిగువన ఉన్న గొట్టాల మీద మంచుగా గడ్డకట్టించే ఏర్పాటు ఉంది. ఆవిరి ఖర్చు బాగా పడిపోతుంది, లోతైన వాక్యూమ్ వస్తుంది, మురుగునీరు తగ్గుతుంది. బాయిలరు చేసే పనిలో కొంత కరెంటుకు మారుతుంది కాబట్టి ఆ కరెంటు ఎంత శుభ్రమైతే ఇది అంత శుభ్రం. ఈ గదిలోంచి లేచే ఆవిరిని చల్లబరిస్తే దొరికేది కూడా చెత్త కాదు, సహజ విటమిన్ ఇ, స్టెరాల్స్ పరిశ్రమకు అదే ముడిసరుకు.

ఇన్ని ముడులకూ మూలం ఒకటే, దీని గురించి తగినంత మాట్లాడుకోవట్లేదనిపిస్తుంది. డైగ్లిజరైడ్లు, కొవ్వు ఆమ్లాలు పెరిగేది పండు దెబ్బతిన్నప్పుడూ, ఆలస్యంగా మిల్లుకు చేరినప్పుడూ. పామ్ పండు నలిగిన క్షణం నుంచీ అందులోని లైపేజ్ ఎంజైము నూనెను విరగ్గొడుతూనే ఉంటుంది. బియ్యం తవుడులోనూ అదే కథ, మర నుంచి వచ్చిన కొద్ది గంటల్లో వేడి చేసి లైపేజ్‌ను ఆపకపోతే ఆమ్లం పెరిగిపోతుంది, తర్వాత శుద్ధిలో నష్టం విపరీతం. పండును త్వరగా తేవడం, తవుడును అక్కడికక్కడే స్థిరపరచడం రిఫైనరీలో కోట్లు పెట్టి కొనే పరికరాల పనిలో సగం తగ్గిస్తాయి.

పామ్ మిల్లుల దగ్గర ఆగినప్పుడే ఇంకోటి కూడా. ఒక టన్ను ముడి పామాయిల్‌కు సుమారు మూడు టన్నుల సేంద్రియ మురుగునీరు వస్తుంది. తెరిచిన చెరువుల్లో వదిలేస్తే అది కుళ్లి మీథేన్ పుడుతుంది, వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడు కన్నా దాదాపు 28 రెట్లు వేడి పట్టే వాయువు. చెరువు మీద కప్పు వేసి ఆ వాయువును పట్టి కరెంటు తీయడం ఎప్పటినుంచో తెలిసిన పని. కొత్తగా కనిపెట్టాల్సిందేం లేదు. అయినా ఇంకా కప్పు లేని చెరువులు ఉండటం నిజంగా బాధ కలిగిస్తుంది.

ఘన కొవ్వు ఎక్కణ్ణుంచి?

జర్మనీకి చెందిన విల్‌హెల్మ్ నార్మన్ 1902లో ద్రవ నూనెను హైడ్రోజన్‌తో గట్టిపరిచే పద్ధతికి పేటెంటు పొందాడు. వనస్పతి, మార్జరిన్ పరిశ్రమలు దాని మీదే ఎదిగాయి. సగం వరకే గట్టిపరిస్తే ట్రాన్స్ కొవ్వులు పుడతాయని, అవి గుండెకు చేటని తేలడానికి దశాబ్దాలు పట్టింది. డెన్మార్క్ 2003లో మొదటిసారి చట్టం తెచ్చింది, అమెరికా 2015లో నిర్ణయించింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో అన్ని దేశాలకూ పిలుపునిచ్చింది. ప్రజారోగ్యానికి గొప్ప విజయం. కానీ బేకరీలకు ఘన కొవ్వు కావాలి కదా, సహజంగానే కొంత గట్టిగా ఉండే పామాయిల్‌కు గిరాకీ పెరిగింది. పామ్ హెక్టారుకు మూడు టన్నులకు పైగా ఇచ్చే పంట, దాన్ని ఆపేసి సోయా పెడితే అంత నూనెకు ఎన్నో రెట్లు నేల కావాలి. అలాగని అడవి కొట్టి పామ్ వేస్తే ఆ లెక్కే తలకిందులవుతుంది. సమస్య పంటలో లేదు, అది ఎక్కడ వేశారన్నదాంట్లో ఉంది.

గట్టిదనం కోసం ఇప్పుడున్న మంచి దారి ఇంటర్‌ఎస్టరిఫికేషన్, అంటే కొవ్వు ఆమ్లాలను నూనె అణువుకు వెన్నెముకలాంటి గ్లిసరాల్ మీద చోటు మార్చి కూర్చోబెట్టడం. సోడియం మెథాక్సైడ్‌తో చేస్తే వేగం, చవక, కానీ అది ప్రమాదకరమైన రసాయనం, పైగా సబ్బు రూపంలో నూనె పోతుంది. లైపేజ్ ఎంజైమును గింజల్లాంటి రేణువులకు అతికించి కాలమ్‌లో నింపి, 70 డిగ్రీల దగ్గర నూనెను దానిగుండా పంపితే అదే పని శుభ్రంగా జరుగుతుంది. ఈ పద్ధతిని ఫ్యాక్టరీకి తెచ్చినందుకు ఏడీఎం, నోవోజైమ్స్ సంస్థలకు 2005లో అమెరికా అధ్యక్షుడి పేరిట ఇచ్చే గ్రీన్ కెమిస్ట్రీ అవార్డు వచ్చింది. వచ్చే నూనెలో ఆమ్లం, పెరాక్సైడు ఎక్కువుంటే ఎంజైము త్వరగా చచ్చిపోతుంది. మళ్లీ మొదటికే వచ్చాం, ముడి నూనె శుభ్రంగా ఉండాలి.

అసలు గింజనే మార్చేస్తే? 1970లలో సోవియట్ యూనియన్‌లో సోల్దాతోవ్ అనే శాస్త్రవేత్త ఒలీక్ ఆమ్లం (గాలికి త్వరగా పాడవని కొవ్వు ఆమ్లం) బాగా ఎక్కువున్న పెర్వెనెట్స్ అనే పొద్దుతిరుగుడు రకాన్ని సాధించాడు. ఇలాంటి నూనె త్వరగా పాడవదు, వేపుళ్లకు హైడ్రోజనేషన్ అవసరం లేకుండా నిలుస్తుంది. ఫ్యాక్టరీలో చేయాల్సిన పని విత్తనంలోనే అయిపోయింది. ద్రవ నూనెను మైనంతోనో ఇథైల్ సెల్యులోజ్‌తోనో గట్టిగా నిలబెట్టే ఒలియోజెల్స్ కూడా వస్తున్నాయి, నోట్లో కరిగే తీరు, బేకింగ్‌లో పొరలు రావడం ఇంకా కుదరాలి.

ట్యాంకుల్లో పెరిగే నూనె

నాచు నుంచి డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 కొవ్వు 1990ల నుంచే వ్యాపార స్థాయిలో ఉంది, చేపల్ని పట్టకుండా ఒమేగా-3 దొరుకుతోంది. అది గిట్టుబాటు అవుతోంది, ఎందుకంటే ధర ఎక్కువ, వాడేది కొద్దికొద్దిగా. వంటనూనె లెక్క వేరు. నూనె పోగుచేసుకునే ఈస్ట్‌లు 100 గ్రాముల గ్లూకోజ్ తిని సిద్ధాంతం ప్రకారం ఇవ్వగలిగే గరిష్ఠం 32 గ్రాములు, ఆచరణలో సుమారు 20 వస్తే మంచి పంటే. కిలో నూనెకు 5 కిలోల చక్కెర. చెరకు హెక్టారుకు 8 టన్నుల చక్కెర ఇస్తుందనుకుంటే 1.6 టన్నుల నూనె. సోయాకు మూడు రెట్లు, పామ్‌లో సగం. ఆ పైన ట్యాంకుల్లోకి గాలి కొట్టే కరెంటు, కణాల్ని పగలగొట్టే ఖర్చు వేరే. కాబట్టి తిండి చక్కెరతో ఈస్ట్ నూనె చేయడంలో నాకు అర్థం కనబడదు. వేరే పరిశ్రమల్లో మిగిలిపోయే చక్కెరలతో, పారేసే పాల విరుగుడు నీటితో చేస్తే కథ మారుతుంది, పరిశోధన డబ్బు అటు పోవాలి.

మొక్కా సూక్ష్మజీవీ లేకుండా కొవ్వు చేయడం కూడా కొత్త సంగతి కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జర్మనీలోని విట్టెన్‌లో బొగ్గు నుంచి వచ్చిన పారఫిన్‌తో కొవ్వు ఆమ్లాలు చేసి మార్జరిన్ తయారు చేశారు. ఇప్పుడు బొగ్గు స్థానంలో కార్బన్ డయాక్సైడు, హైడ్రోజన్ పెట్టాలని చూస్తున్నారు. నేల అసలు అక్కర్లేదు, అదొక పెద్ద ఆకర్షణ. ఆ హైడ్రోజన్‌కు పట్టే కరెంటు ఎంత, దాన్ని వేరే చోట వాడితే ఇంతకన్నా ఎక్కువ బొగ్గు మిగిలేదా అన్న ప్రశ్నకు జవాబు చెప్పాకే దాన్ని నమ్మాలి.

వీటన్నిటితో పోలిస్తే చాలా చిన్న మార్పు ఒకటుంది, దానికి యంత్రం కూడా అక్కర్లేదు. నూనె కొనే కంపెనీలు రంగుకు గీత గీస్తాయి. శుద్ధి చేసిన పామాయిల్‌కు వ్యాపారంలో మామూలుగా అడిగేది నూనె రంగును కొలిచే లోవిబాండ్ పరికరంలో, 5.25 అంగుళాల గాజు సెల్‌లో చూస్తే ఎరుపు 3కు మించకూడదని. ఆ అంకె అందుకోవడానికే రిఫైనరీ ఇంకొంచెం మట్టి వేస్తుంది, ఇంకొన్ని డిగ్రీలు కాస్తుంది. బిస్కెట్‌లో కలిసిపోయే, వేపుడు మూకుడులో ఎలాగూ ముదురు రంగుకు తిరిగే నూనెకు అంత లేత రంగు ఎందుకని కొనే కంపెనీల నాణ్యతా విభాగాలు ఒకసారి కూర్చుని ఆలోచించి, ఆ గీతను 4కో 5కో జరిపితే, మట్టి ఆదా, ఆవిరి ఆదా, గ్లిసిడైల్ ఎస్టర్లూ తక్కువ. దీనికి పట్టేది కొనుగోలు ఒప్పందంలో ఒక అంకె దిద్దడం, దానికి ముందు ఆ రంగు నూనెతో కొన్ని ట్రయల్ బ్యాచ్‌లు వేసి చూసుకోవడం.